గంటా పది నిమిషాల దూరం

జూన్ 29, ఆదివారం. భూపాలపల్లి.

బాపు పనిచేసే బొగ్గుగని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మ చర్చి నుంచి ఇంకా రాలేదు. బాపు నన్ను వాకిట్లో కూర్చోబెట్టి చదవమన్నాడు.

మా ఇంట్లో కాగితం చదవడానికి ఒక పద్ధతి ఉంది. బాపు నా పక్కనే కూర్చుని, నేను చదివే వరస కింద వేలు పెడతాడు. ఆ వరస అయిపోయాక వేలు కిందికి దిగుతుంది. ఆయనకు అక్షరాలు రావు. కానీ రేషన్ కార్డు కాగితాల నుంచి నా డిగ్రీ మెమో దాకా అన్నీ అట్లాగే విన్నాడు. పూర్తిగా వినని కాగితం మీద సంతకం పెట్టడు. సంతకం అంటే పెంటయ్య అనే మూడక్షరాల బొమ్మ. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నేర్పాను.

మోకాలు, ఊపిరి రెండూ చెడిపోయి బాపు ఇక గనిలోకి దిగలేడని డాక్టర్లు తేల్చారు. ఆయన బదులు ఇంట్లో ఒకరికి పని ఇస్తారు. మొదటి పేరు అన్నది, జోసెఫ్. జూలై 18, శుక్రవారం పొద్దున పదింటికి ఒరిజినల్ సర్టిఫికెట్లతో స్వయంగా హాజరు కావాలి. రాకపోతే ఆ పేరు పోతుంది. ఆ రోజు రెండో పేరున్న మనిషి హాజరుగా ఉంటే ఆ మనిషిని చూస్తారు.

రెండో పేరు నాది. ఫారం నింపింది నేనే. ఆ గడి ఖాళీగా వదలకూడదని కింద రాసి ఉంది. అందుకని రాశాను.

బాపు వేలు ఆ వరస దగ్గర ఆగింది. "గిదేందే, నీ పేరు సదివినవ్?"

"ఊకెనే బాపు. ఖాళీ ఉంచద్దట."

"సరే తియ్యి. అన్నకు ఫోన్ చేసి తారీఖు చెప్పు. డిసెంబర్ల వానికి ముప్ఫై అయిదు నిండుతయ్. గిది తప్పితే మళ్ల రాదు."

అన్న క్యాంప్‌బెల్ బేలో ఉన్నాడు. అండమాన్‌కు కూడా ఇంకా కింద, మ్యాపులో దేశం అయిపోయే చోట. రోడ్డు పనిలో డోజర్ నడుపుతాడు. పోయి రెండేళ్లు. లత వదిన పాపను తీసుకుని మహబూబాబాద్‌లో వాళ్లమ్మ దగ్గర ఉంటోంది. "ఇంటికాడ ఉండే పని దొరికిన్నాడు పిలువున్రి, వస్త" అని అమ్మతో ఒక్కమాటే అని పోయింది.

నాకు ఆ పని అవసరం లేదు. నాకు జనగామలో బడి ఉంది.


జూలై 1, మంగళవారం. జనగామ.

తొమ్మిదో తరగతి లెక్కలు కొత్తగా వచ్చిన మేడమ్‌కు ఇచ్చారు. నన్ను ఆరుకు దింపారు. ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్లీ పిలవడం మూడేళ్లుగా అలవాటే గానీ, కిందికి దింపడం ఇదే మొదటిసారి. ప్రిన్సిపాల్ సార్ నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వుతూ విన్నాను.

అన్న ప్రయాణం గురించి చూశాను. ఫోన్‌లో ఒక పేజీ దొరికింది. రెండు విమానాశ్రయాల పేర్లు వేస్తే దూరం, సమయం చెబుతుంది. క్యాంప్‌బెల్ బే నుంచి పోర్ట్ బ్లెయిర్: 528 కిలోమీటర్లు. ప్రయాణ సమయం ఒక గంట పది నిమిషాలు. అక్కడి నుంచి హైదరాబాద్‌కు రెండుంపావు గంటలు. నోటుపుస్తకం వెనక లెక్క వేశాను. పొద్దున ఏడింటికి అక్కడ బయలుదేరితే చీకటి పడేసరికి భూపాలపల్లి. నేను ఇక్కడి నుంచి హనుమకొండలో బస్సు మారి ఇంటికి పోవడానికే నాలుగు గంటలు పడుతుంది.


జూలై 3, గురువారం.

అన్న ఫోన్ చేశాడు. వెనక నుంచి గాలి చప్పుడు.

"చెల్లె, తొమ్మిదిన షిప్పుంది. గది తప్పితే మళ్ల పద్నాలుగున. నా బదులు మనిషి పదకొండుకొస్తడట. అప్పటిదాంక ఇడిసిపెట్టి పోవద్దని మేస్త్రి ఒకటే లొల్లి."

"షిప్పెందుకన్నా? విమానం ఉంది. గంటా పది నిమిషాలే."

"రన్‌వే అయితే ఉన్నది. నేవీ విమానాలు దిగుతయ్. హెలికాప్టర్ అప్పుడప్పుడొస్తది గని దాంట్ల సీటు దొరకుడు కష్టమంటరు. మా అసోంటోళ్లు విమానం ఎక్కంగ నేనైతే చూడలే."

"నువ్వు టికెట్ తియ్యలే కాబట్టి చూడలే."

నవ్వాడు. "గట్లనా? ఈడ అందరు షిప్పే అంటుండ్రు మరి."

"వాళ్లకు తెల్వదన్నా. నేను ఫోన్‌ల చూసిన. కిలోమీటర్లతో సహా ఉంది."

"సరే. నువ్వు చూసినవంటే చూసినట్టే. పదమూడుకు తియ్యి టికెట్. మేస్త్రి పని గూడ అయితది."


జూలై 4, శుక్రవారం.

బాపు టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పేశాడట. "గాలిమోటర్ల గంటా పది నిమిషాలంట. మా వనజ లెక్కగట్టి చెప్పింది." అమ్మ ఫోన్ తీసుకుని, "నా కొడుకుకు కిటికీ పక్క సీటు వద్దని చెప్పు, వానికి చిన్నప్పటి నుంచి బస్సుల గూడ కడుపుల తిప్పుతది" అంది.


జూలై 5, శనివారం.

మీసేవలో నా నివాస ధ్రువీకరణ పత్రం తీసుకున్నాను. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు కావలసిందే. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ వరకు అన్నీ ఒక కొత్త ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టాను. పాత కవరు చిరిగిపోయింది.

నిజంగానే చిరిగిపోయింది.


జూలై 7, సోమవారం.

టికెట్ తీయడానికి కూర్చున్నాను. రాలేదు. నెట్ బాగాలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో మళ్లీ చూశాను. నెట్ బాగాలేదు.

సాయంత్రం గదికి వచ్చాక శృతి ఫోన్‌లో చూశాను. శృతి నాతోపాటు గదిలో ఉంటుంది, బ్యాంకులో పని. దాని ఫోన్‌లో నెట్ బాగుంది. పదమూడో తేదీన ఆ దారిలో విమానాలు లేవని వచ్చింది. పద్నాలుగు వేశాను. పదిహేను వేశాను. పదహారు వేశాను.

"ఏ రోజు వేసినా లేదంటుందంటే, అసలు విమానమే లేదేమోనే" అంది శృతి.

"ఇంకా బుకింగ్ తెరవలేదేమో."

"మీ అన్నను షిప్పు ఎక్కుమనరాదు? షిప్పయితే కంటికి కనబడుతది."

రేపు మళ్లీ చూస్తానన్నాను. అది తలకు నూనె పెట్టుకుంటూ నా వైపు అద్దంలోంచి చూసింది. శృతి అన్నీ అద్దంలోంచే చూస్తుంది.


జూలై 8, మంగళవారం.

బడి మధ్యలో అన్న ఫోన్. వరండాలోకి వచ్చి మాట్లాడాను.

"టికెట్ అయిందా చెల్లె? రేపు పొద్దున తొమ్మిదింటికి షిప్పు లేస్తది. నువ్వు చెప్తే ఎక్కేస్త. మేస్త్రి తిడితె తిట్టనియ్యి."

"పరేషాన్ కాకన్నా. అవుతుంది."

"అయిందా, అవుతదా?"

"అయినట్టే."

అయినట్టే అన్నాను. అయింది అనలేదు.


జూలై 9, బుధవారం.

షిప్పు పోయింది.


జూలై 10, గురువారం.

ఇవాళ సెలవు పెట్టి బస్టాండు దగ్గరి ట్రావెల్స్‌కు పోయాను. దేవదాసు అని ఒకాయన, దుబాయ్ టికెట్లు తీస్తాడు. నా ఫోన్‌లోని పేజీ చూసి కళ్లద్దాలు తీశాడు.

"ఇది గీత కొలుస్తదమ్మా. రెండు చుక్కలు పెట్టి, స్కేలుతో గీత గీసి, విమానం వేగంతోని భాగిస్తది. ఆడ విమానం నడుస్తదా నడువదా, దానికేం పని? ఆగు, నీకో తమాషా చూపిస్త."

మొదటి గడిలో హనుమకొండ దగ్గర మూతబడ్డ మామునూరు ఎయిర్‌పోర్టు వేశాడు, రెండో గడిలో క్యాంప్‌బెల్ బే. దానికి కూడా దూరం వచ్చింది, గంటలు వచ్చాయి. "పోతవా మామునూర్లెక్కి? నా చిన్నప్పటి సంది ఆడ విమానం ఎక్కినోన్ని నేను చూడలే." పక్కనున్న ఇద్దరు గట్టిగా నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం. ఆరో తరగతి పిల్లలకు నిన్ననే చెప్పాను.

అన్నకు ఫోన్ చేసి, ఆ దారిలో విమానం లేదట, ఫోన్ తప్పు చూపించింది అన్నాను. "ఓరిని" అన్నాడు. తర్వాత, "నువ్వేం జేస్తవ్ తియ్యి, ఫోన్‌ది తప్పు. పద్నాలుగు షిప్పుకు వస్త. పదహారుకు పోర్ట్ బ్లెయిర్, పదిహేడు విమానం, పద్దెనిమిది పొద్దుగాల్ల భూపాలపల్లిల ఉంట. బరాబ్బరి సరిపోతది" అన్నాడు. హెలికాప్టర్ లిస్టులో కూడా పేరు రాయిస్తాడట.

నాకు ఇవాళే తెలిసింది. దేవదాసు చెబితేనే తెలిసింది.


జూలై 12, శనివారం.

లత వదిన ఫోన్ చేసింది. రెండేళ్లలో తనంతట తాను చేయడం ఇదే మొదలు.

"వనజా, భూపాలపల్లిల పాపకు మంచి బడి జూడు. ఒకటో తరగతి. నీకు బడుల సంగతి ఎరుకే గదా."

"చూస్తా వదినా."

"దానికి అందరు చెప్తుండ్రు, మీ డాడీ గాలిమోటర్ల వస్తుండని. అది ఇంటి మీద విమానం చప్పుడైతే చాలు వాకిట్లకు ఉరుకుతుంది."

విమానం లేదని వదినకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నాకు ఆ పని అవసరం లేదు. ఇది ముందు కూడా రాశాను.


జూలై 14, సోమవారం.

సముద్రం బాగాలేదు. షిప్పు వాయిదా. ఎప్పుడు లేస్తుందో చెప్పడం లేదు.

తొమ్మిదో తారీఖు షిప్పు పదకొండుకే పోర్ట్ బ్లెయిర్ చేరిందట. సముద్రం అద్దంలా ఉందని దాంట్లో పోయినవాళ్లు ఫోన్ చేసి చెప్పారట. అన్న మామూలుగానే చెప్పాడు. నన్ను అనాలని చెప్పలేదు.


జూలై 16, బుధవారం.

ఇవాళ హెలికాప్టర్ వచ్చింది. లిస్టులో అన్న తొమ్మిది నుంచి మూడుకు వచ్చాడు. ఇద్దరు రోగుల తర్వాత ఒక్క సీటు మిగిలిందట. పక్క దీవి నుంచి ఒక బాలింతను, పసిగుడ్డును పడవలో తెచ్చారు.

"నాకు పనుంది, నాకియ్యున్రి అని ఎట్ల అడుగుత చెల్లె? ఆమె చేతుల పిల్ల గింతుంది" అన్నాడు. ఎంతో నాకు కనపడదు కదా, అయినా చేత్తో చూపించి ఉంటాడు.

"మరి ఎట్లన్నా?"

"ఎట్లేముంది. నువ్వు, బాపు పోయి చెప్పున్రి. మనుషులే గదా, వినకపోతరా. నువ్వు మంచిగ మాట్లాడుతవ్."

నా మీద కోపం రావడం లేదు ఈ మనిషికి. వస్తే బాగుండు. రెండేళ్లు ఆ రన్‌వే పక్క రోడ్డు మీదే డోజర్ నడిపాడు. రోజూ కళ్లతో చూసిందాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మాడు.


జూలై 17, గురువారం. భూపాలపల్లి.

బాపు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని కొక్కేనికి తగిలించాడు. అమ్మ మూడు రోజులుగా ఒక్కపూట ఉపవాసంతో ప్రార్థన చేస్తోంది. సముద్రం నెమ్మదించాలని. ఆమెకు సముద్రం ఎట్లా ఉంటుందో తెలియదు. మా సొంతూరు మరిపెడ అవతల. చెరువులు తప్ప చూడలేదు.

"సముద్రం వల్లనే రాలేదమ్మా" అన్నాను.

"నీదేం తప్పు బిడ్డా" అంది. నేను తప్పు గురించి అడగలేదు.

సంచిలో బట్టల కింద కవరు ఉంది. ఎందుకు తెచ్చానో రాయను.


జూలై 18, శుక్రవారం.

జరిగింది జరిగినట్టు రాయాలి. ఇక్కడైనా.

ఆఫీసు వరండాలో పది, పదిహేను మంది తండ్రులు, ఒక్కొక్కరి పక్కన ఒక కొడుకు. బాపు పక్కన నేను. బాపును ఎరిగిన ఒకాయన, "ఏం పెంటన్నా, గాలిమోటర్ దిగిందా?" అన్నాడు. బాపు, "ఇంక గాలిల్నే ఉన్నది" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. బాపు దగ్గుతూ నవ్వాడు.

పన్నెండింటికి పిలిచారు. క్లర్కు పేరు పద్మలత, బల్ల మీద రాసి ఉంది.

"జోసెఫ్ ఏడి?"

"దీవిల చిక్కిండు మేడమ్. నాలుగు దినాలల్ల వస్తడు."

"పెద్దాయనా, నాలుగు దినాలు రాసుకునే గడి నా దగ్గర లేదు. ఇయ్యాల్టిది ఇయ్యాల్నే." ఫైలు తిప్పింది. "రెండో పేరు వనజ. ఎవరు?"

"నేనే."

"డిగ్రీనా! ఒరిజినల్స్ ఉన్నయా?"

ఉన్నాయి అన్నాను. సంచిలో చెయ్యి పెట్టి కవరు తీశాను. ఆలస్యం కాలేదు, వెతుక్కోలేదు.

"మరింకేం గావాలె? కొడుకైతేంది, బిడ్డయితేంది. రామ్మా లోపలికి."

బాపు కవరు వంక చూశాడు. "గివెప్పుడు తెచ్చినవ్?"

నేను కవరు సర్దుకుంటుంటే ఆయన మేడమ్ వైపు తిరిగాడు. "ఇంకో తొవ్వ లేదా మేడమ్?"

"ఉన్నది. ఎందుకు రాలేకపోయిండో కారణం రాసియ్యి. అసలైన కారణమైతే సార్ ఒక్కసారి వాయిదా ఇస్తడు. ఆగస్టు ఇరవై రెండు. కని ఈమెను ఇయ్యాల లోపలికి పంపితే కొడుకు పేరు కొట్టేసినట్టే. రెండిట్ల ఏదో ఒకటి. ఒంటిగంట లోపల చెప్పు."

వరండా చివర బెంచీ మీద కూర్చున్నాం. "కాగితం రాయి" అన్నాడు బాపు.

మొదటి మూడు వరసలు సముద్రం గురించి రాశాను. షిప్పు వాయిదా పడింది, మా అన్న రాలేకపోయాడు. అక్కడ ఆపి, మరో తేదీ ఇప్పించండి అని రాస్తే సరిపోయేది. అబద్ధం కూడా కాదు. కానీ మేడమ్ అసలైన కారణం అంది. తొమ్మిదో తారీఖున సముద్రం అద్దంలా ఉంది. కలం ఆగలేదు. ఎందుకు ఆగలేదో నాకు తెలియదు. ఇన్ని రోజులు ఈ పుస్తకంలో రాయనిది అక్కడ ఆ తెల్లకాగితం మీద రాశాను.

రాయడం అయింది. బాపుకు వినిపించాలి.

బాపు వేలు మొదటి వరస కింద పెట్టాడు. నేను మొదటి మూడు వరసలు చదివాను. తర్వాత చివరి వరస చదివాను. "కావున దయతో మరో తేదీ ఇప్పించగలరు."

వేలు నాలుగో వరస కింద ఉంది.

"అయిపోయిందా?"

"అయింది బాపు."

వేలు తీయలేదు. కిందికి జరిపాడు. ఒక్కో వరస దగ్గర గోటితో నొక్కుతూ లెక్కపెట్టాడు. "పదకొండు వర్సలున్నయ్ బిడ్డా. నువ్వు సదివింది నాలుగు."

"అవి... ఆఫీసు మాటలు బాపు. ఊకె రాస్తారు."

"నీ సదువు నాకు రాదు. లెక్క అస్తది. ముప్ఫై ఏండ్లు బొగ్గుబాయిల నిండిన టబ్బులు లెక్కవెట్టిన. ఒక్కటి తక్కువొచ్చినా పైకి రాకపోతుంటిమి. సదువు."

చదివాను. ఒక గంట పది నిమిషాల్లో విమానం ఉందని మా అన్నకు నేనే చెప్పానని. నా మాట విని ఆయన తొమ్మిదో తారీఖు షిప్పు ఎక్కలేదని. విమానం లేదని ఏడో తారీఖు సాయంత్రమే నాకు తెలిసిందని. ఎనిమిదిన ఆయన అడిగినప్పుడు కూడా చెప్పలేదని. తప్పు సముద్రానిది కాదని, మా అన్నది కాదని. ఒక్కో వరసకు వేలు దిగుతూనే ఉంది. నా గొంతు కంటే అదే స్థిరంగా ఉంది.

"షిప్పు తొమ్మిదిన గదా."

"అవును."

"నీకు ఏడున తెల్సింది."

"ఏడున అనుమానం..."

"తెల్సింది."

"తెల్సింది బాపు."

లోపల ఎవరి పేరో పిలిచారు. ఒక కొడుకు చొక్కా సర్దుకుంటూ పోయాడు.

"నీకు గావాల్నా గీ పని?"

"కావాలె."

ఆ మాట నా నోటి నుంచి మొదటిసారి విన్నాను.

"మరి నన్నెందుకు అడుగలే?"

"అడిగితే ఇస్తుంటివా బాపు?"

బాపు మోకాలు రాసుకున్నాడు. ఎదురుగా గోడ మీద గని భద్రత బొమ్మలున్నాయి. వాటి వంక చాలాసేపు చూశాడు. ఏదో ఒకటి చెప్పి నన్ను ఊరడిస్తాడనుకున్నాను.

"ఇయ్యకపోతుంటి" అన్నాడు.

కాగితం మళ్లీ నా ఒళ్లోకి జరిపాడు.

తర్వాత, "ఇంకో వర్స రాయి" అన్నాడు. "నా కొడుకు, నా బిడ్డ, ఇద్దరొస్తరు. ఇద్దర్ని చూడున్రి. ఎవలు పనికొస్తె వాళ్లకియ్యున్రి. గట్లనే రాయి, నీ ఆఫీసు మాటలు కలుపకు."

రాశాను.

"ఇప్పుడు మొత్తం సదువు. మొదటి సంది."

పన్నెండు వరసలు చదివాను. పన్నెండో వరస కింద వేలు ఆగాక కలం తీసుకుని మూడక్షరాలూ దిద్దాడు.

పద్మలత మేడమ్ నిలబడే చదివింది. నన్ను చూసింది. "నువ్వే రాసినవా, నీ మీద?" అంది. "గిట్ల ఎవ్వరు రాయలే ఇప్పటిదాంక. సార్ ఏమంటడో." లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చాక కాగితం మూలన సార్ రాసింది చూపించింది. ఆగస్టు 22. ఇద్దరూ హాజరు కావాలి.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు బాపు నా చెయ్యి పట్టుకోలేదు. ఎప్పుడూ మోకాలి కోసం పట్టుకుంటాడు.


జూలై 19, శనివారం.

అమ్మకు బాపే చెప్పాడు. అమ్మ నాకు అన్నం పెట్టి, తను ప్రార్థన గదిలో కూర్చుంది. సముద్రం కోసం చేసిన ప్రార్థన అయిపోయింది కదా, ఇప్పుడు ఎవరి కోసమో.


జూలై 22, మంగళవారం.

అన్న వచ్చాడు. అందుకోసమే సెలవు పొడిగించాను. పద్దెనిమిది సాయంత్రం ఐదింటికి షిప్పు లేచింది. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి వాకిట్లో సంచి దించాడు. మూడు రోజుల పదహారు గంటలు. నల్లగా అయిపోయాడు, గడ్డం పెరిగింది.

స్నానం చేసి వచ్చాక ఆ కాగితం నకలు చేతికిచ్చాను. అన్న ఏడో తరగతితో ఆపేశాడు. నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదువుతాడు. నేను చదివి వినిపిస్తానంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. పన్నెండు వరసలకు ఎంతసేపు పట్టిందో.

"ఎనిమిదిన నేనడిగిన" అన్నాడు. "అయిందా, అవుతదా అని."

"అయినట్టే అని చెప్పిన."

"గదే."

లేచి బయటకు పోయాడు. సాయంత్రం మహబూబాబాద్ బస్సుకు బయలుదేరేటప్పుడు గుమ్మంలో ఆగాడు.

"లతకు నేను చెప్ప. నువ్వే పోయి చెప్పు. ఆగస్టు ఇరవై రెండు లోపల." రెండడుగులు వేసి తిరిగి చూశాడు. "పోరగాళ్లకైనా లెక్కలు సక్కగ చెప్పు."


ఆగస్టు 3, ఆదివారం. మహబూబాబాద్ నుంచి తిరిగి వచ్చాక.

అన్న ఇంట్లో లేడు, పాపను తీసుకుని బజారుకు పోయాడు. నేను వస్తానని తెలిసే పోయి ఉంటాడు. వదిన చింతపండు గింజలు తీసుకుంటూ మొత్తం విన్నది. చేతులు ఆపలేదు.

"భూపాలపల్లిల బడి చూసినవా?"

"చూసిన వదినా."

"ఎప్పుడు చూసినవ్? మీ అన్నకు పనొస్తదని చూసినవా, నీకొస్తదని చూసినవా?"

నీళ్లు తాగి లేచాను. బస్టాండు దాకా వదిన రాలేదు.


ఆగస్టు 22, శుక్రవారం. ఆఫీసు వరండా.

పేర్లు ఇంకా పిలవలేదు. అందుకని రాస్తున్నాను.

పొద్దున బాపు రెండు కవర్లు మంచం మీద పక్కపక్కన పెట్టి, రెండింటిలో కాగితాలు లెక్కపెట్టాడు. అన్నవి ఐదు, నావి తొమ్మిది. ఆటో పిలుస్తానంటే వద్దన్నాడు. ముప్ఫై ఏళ్లు నడిచిన తొవ్వే, ఇంకొక్కనాడు నడుస్తానన్నాడు.

ముగ్గురం బయలుదేరాం. అన్న వచ్చి నాలుగు వారాలు దాటినా నాతో సరిగ్గా మాట్లాడింది లేదు. మలుపు దగ్గర, ముందు నడుస్తున్నవాడు వెనక్కి తిరగకుండా అన్నాడు.

"ఎంతసేపు పడుతదో ఫోన్‌ల చూడరాదు?"

"నడిచి చూద్దామన్నా" అన్నాను.

నవ్వలేదు. కానీ నేను, బాపు అందుకునే దాకా ఆగాడు. బాపు ఒక చెయ్యి అన్న భుజం మీద వేశాడు, ఇంకో చెయ్యి నా భుజం మీద. రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు.

ఇరవై ఆరు నిమిషాలు పట్టింది.

నాకు ఈ పని కావాలి. అన్నకూ కావాలి. పద్మలత మేడమ్ ఫైలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎవరి పేరు ముందు పిలుస్తుందో ఆమె చేతిలోని కాగితం చూస్తే ఇక్కడికి కనపడుతుంది. నేను చూడటం లేదు.